ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల పత్రికలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మా బాబుకు నాలుగేళ్లు. నెలనెలా పిల్లల పత్రిక తెప్పిస్తున్నాం. వచ్చిన రోజే అరగంటలో అన్ని పేజీల మీదా గీతలు గీసేసి, మళ్లీ ముట్టుకోడు. చందా ఆపేయమంటారా?
– ఒక తల్లి, గాజువాక

ఆపకండి. పత్రికను బాబు చేతికి ఇచ్చే తీరు మార్చండి. నాలుగేళ్ల వయసుకు వచ్చే పత్రికను పక్కన పెద్దవాళ్లొకరు కూర్చుని చదవాలి. చుక్కలు కలపడం, రంగులు వేయడం తానొక్కడే చేయగలడు కాబట్టి బాబు వాటి మీద పడతాడు. కథ, పాట, పెద్ద బొమ్మ ఎవరో ఒకరు నోరు విప్పేదాకా అలాగే ఉండిపోతాయి. చందాలో సగానికి పైగా విలువ ఆ పేజీల్లోనే ఉంది.

పత్రిక రాగానే ముందు మీరు తిరగేసి, రాసే పేజీలను విడదీయండి. మడత దాకా కోయకండి. నడుమ పిన్ను కొట్టిన పుస్తకంలో ప్రతి పేజీకీ అవతలి సగంలో జత పేజీ ఉంటుంది, మడతలో కోస్తే అదీ ఊడి వస్తుంది. మడతకు రెండు సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి. కోసిన పేజీలు ఫైల్లో పెట్టి రోజుకొకటి ఇవ్వండి. దారి కనుక్కునే ఆట, చుక్కల బొమ్మ లాంటివైతే పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వైట్ బోర్డు మార్కర్‌తో గీయించి గుడ్డతో తుడిచేయండి. ఒకే పేజీ పదిసార్లు పనికొస్తుంది. తుడవడం మాత్రం ఆ రోజే జరగాలి, వారం వదిలేస్తే మరక పడుతుంది. పర్మనెంట్ మార్కర్ అసలు పోదు.

ఇక కథ పేజీలు. ‘ఇదేంటి?’ అని అడిగితే ‘పిల్లి’ అని ఒక్క మాటతో తేల్చేస్తాడు. ‘పిల్లి బల్ల కిందికి ఎందుకు దూరింది?’ అని అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. చాలామంది రెండు సెకన్లకే జవాబు తామే చెప్పేస్తారు, పిల్లవాడు ఆలోచించడం అక్కడే ఆగిపోతుంది. మొదటి రోజు కథంతా మీరే చదవండి. రెండో రోజు వాక్యం చివరి మాట దగ్గర ఆగి వాడిచేత అనిపించండి. నాలుగో రోజుకు బొమ్మలు చూస్తూ వాడే చెబుతాడు, మీరు వినండి. అదే కథ మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. మాటలు, వాక్యాలు అలా మళ్లీ మళ్లీ వినడంలోనే వంటబడతాయి.

పాపకు ఐదేళ్లు. పత్రికల్లో వచ్చే అక్షరాల పేజీలు అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించాం. అయినా ప చూపిస్తే వ అంటుంది.
– ఒక తండ్రి, నరసరావుపేట

వర్ణమాలను నోటికి పాటలా నేర్పడం మంచిదే. అక్షరాన్ని కంటితో గుర్తుపట్టడానికి మాత్రం ఆ వరస సాయపడదు. ఋ, ఙ, ఞ లతో ఐదేళ్ల పాప నోట వచ్చే మాటలు దాదాపు లేవు. ణ, ళ తెలుగు మాట మొదట్లో రావు. వాటిని వీణ, తాళం అని మాట చివర చూపించాలి. మొదట మాటలు కూడే అక్షరాలు తీసుకోండి: త, ల, వ, ప, క, గ, డ. ఈ ఏడింటితోనే తల, వల, పలక, గడప, పడవ వస్తాయి. చదివింది మాటగా వినబడితే పాపకు పట్టు దొరుకుతుంది.

పోలిక ఉన్న అక్షరాలను ఒకే రోజు నేర్పకండి. ముందు వ గట్టిపడాలి, రెండు వారాలు పోయాక ప రావాలి. అప్పుడు రెండూ పక్కపక్కన పెద్దగా రాసి, వ పైన మూసుకుని ఉందనీ, ప నోరు తెరుచుకుని ఉందనీ పాప వేలితోనే పట్టించండి. పళ్లెంలో బొంబాయి రవ్వ పల్చగా పరిచి అందులో రాయిస్తే చేతికి కూడా తేడా తెలుస్తుంది. మ, య లకూ, ద, ధ, థ లకూ ఇదే పద్ధతి.

మాది చిన్న ప్లే స్కూల్. ఎల్‌కేజీ, యూకేజీ కలిపి ముప్పై మంది. తెలుగులో నెలకొక పత్రిక మేమే తయారు చేసి ఇవ్వాలనుకుంటున్నాం. ఎన్ని పేజీలు, ఏ కాగితం, ఏం వేయాలి, ఎలా కుట్టాలి?
– ఒక టీచర్, జగిత్యాల

చాలా మంచి పని తలపెట్టారు. 16 పేజీలు చాలు. నాలుగు ఏ4 కాగితాలను రెండు వైపులా అచ్చు వేసి, నడిమికి మడిస్తే 16 పేజీల పుస్తకం అవుతుంది. ముప్పై ప్రతులకు 120 కాగితాలు. పాడైపోయేవి కలుపుకొని 135 తెచ్చుకోండి. పేజీలు పెంచాలనుకుంటే నాలుగేసి చొప్పునే పెంచాలి.

ఎక్కువగా తప్పు జరిగేది పేజీల అమరికలో. 1, 2, 3 అని వరసగా అచ్చు వేస్తే మడిచాక అంతా తారుమారవుతుంది. మొదటి కాగితం పైవైపు ఎడమన 16, కుడిన 1. వెనక 2, 15. రెండో దాని మీద 14, 3. వెనక 4, 13. మూడోది 12, 5. వెనక 6, 11. నాలుగోది 10, 7. వెనక 8, 9. పక్కపక్కనున్న రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి, సరి అంకె ఎడమన ఉండాలి. ప్రింటర్లో కాగితాన్ని పొట్టి అంచు మీదుగా తిప్పే పద్ధతి ఎంచుకోండి, లేకపోతే వెనక పేజీలు తలకిందులుగా పడతాయి. ముందుగా నాలుగు తెల్ల కాగితాలు మడిచి, పెన్సిల్‌తో పేజీల అంకెలు వేసి, విప్పి చూసుకుంటే అనుమానం మిగలదు.

మామూలు 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) జిరాక్స్ కాగితం మీద స్కెచ్ పెన్ను అవతలికి దిగుతుంది. 90 లేదా 100 జీఎస్ఎం మ్యాప్లిథో, అంటే మెరుపు పూత లేని అచ్చు కాగితం తీసుకోండి. నిగనిగలాడే ఆర్ట్ పేపర్ చూడటానికి బాగుంటుంది కానీ దాని మీద మైనపు క్రేయాన్ జారిపోతుంది, స్కెచ్ పెన్ను చేతికి అంటుకుంటుంది. పిల్లలు రంగులు వేసే పత్రికకు అది పనికిరాదు.

అక్షరాలు 28 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. వరసల మధ్య ఎడం చాలకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగిలి, పిల్లలకు అదేదో కొత్త అక్షరంలా కనిపిస్తుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఎడం ఉంచండి. వంపులు తిరిగిన అలంకారపు అక్షరాలు అట్ట మీద పేరుకే పరిమితం చేయండి. కథ పేజీలో నాలుగు వరసలు, వరసకు మూడు నాలుగు మాటలు. మాట మధ్యలో విరిచి కింది వరసకు నెట్టకండి.

8, 9 పేజీలు ఒకే కాగితం మీద ఎదురెదురుగా పడతాయి కాబట్టి నడిమి పెద్ద బొమ్మకు అదే చోటు. అంగడి, చెరువు కట్ట, బస్టాండు లాంటి సందడి ఉన్న దృశ్యం వేస్తే నెలంతా మాట్లాడించడానికి సరిపోతుంది. మిగిలిన వాటిలో ఒక కథకు నాలుగు పేజీలు, ఒక పాట, ఒక లెక్క పేజీ, చేతిపని, ‘ఇంట్లో ఉన్నవి వెతుకు’ లాంటి ఆట. చివరి పేజీ అమ్మానాన్నలకు కేటాయించండి. ఈ నెల ఏ పేజీ ఎలా చదివించాలో అక్కడ నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఈ పేజీ లేకపోతే ఇంటికెళ్లిన పత్రిక రంగుల పుస్తకంగా మిగిలిపోతుంది.

భాష మీ పిల్లలదే ఉండనివ్వండి. వాళ్లు మక్క కంకి అంటే పేజీలోనూ మక్క కంకి అనే ఉండాలి, మొక్కజొన్న పొత్తు అని దిద్దకండి. బతుకమ్మ నెలలో తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చి పేర్చి, లెక్కపెట్టి, రంగుల వారీగా వేరు చేయించి, ఆ పనినే లెక్క పేజీగా వేయండి. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆట ద్వారా, ఇంటి భాషలో చదువు చెప్పమంటోంది.

ఆటలు వయసుకు తూగాలి. చుక్కల బొమ్మకు ఎల్‌కేజీలో 10 చుక్కలు, యూకేజీలో 20 చాలు. దారి ఆటలో దారి వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లయినా లేకపోతే పిల్లవాడి క్రేయాన్ గోడలు దాటిపోతుంది, ఓడిపోయానని వదిలేస్తాడు. తేడాలు కనుక్కోమంటే మూడు నుంచి ఐదు వరకే ఇవ్వండి. లెక్క పేజీలో వస్తువులను ఒకదాని మీద ఒకటి పడేలా గీయకండి. ఐదు దాటితే చెల్లాచెదురుగా కాక వరసల్లో పెట్టండి, లేకపోతే ఒకే సీతాకోకచిలుకను రెండుసార్లు లెక్కపెడతారు. ప్రతి బొమ్మ మీదా ఒక చింతగింజ పెట్టిస్తే ఆ పొరపాటు పోతుంది. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసు కాబట్టి దగ్గరుండి చేయించండి. కత్తిరించే బొమ్మలు పుస్తకంలో వేస్తే వెనక పేజీ పోతుంది, అందుకని వాటిని విడి కాగితంగా లోపల పెట్టండి. కత్తెరకు కొత్తయితే రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీని ఒక్క కోతతో ముక్కలు చేయడం ముందు. తర్వాత పొడుగు తిన్నని గీత, ఆ తర్వాతే గుండ్రం.

మూడు నాలుగేళ్ల చేతులకు పిన్నుల పుస్తకం ఇవ్వకండి, మొన విప్పుకుంటే గుచ్చుకుంటుంది. దారంతో కుట్టండి. మడత మీద మధ్యలో ఒక రంధ్రం, పై అంచుకు నాలుగు సెంటీమీటర్ల దిగువన ఒకటి, కింది అంచుకు అంతే ఎగువన ఇంకొకటి దబ్బనంతో పొడవండి. గట్టి నూలుదారం 55 సెంటీమీటర్లు. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలో లోపలికి, అక్కడి నుంచి లోపలే కింది రంధ్రానికి వెళ్లి బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలో లోపలికి రండి. లోపల నిలువుగా ఉన్న దారానికి రెండు కొసలూ చెరో పక్క వచ్చేలా లాగి ముడి వేయండి. కాగితం చిరిగేంత గట్టిగా లాగొద్దు.

ఎవరి కథ పడితే వాళ్ల కథ ఎత్తి వేయకండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరం వేసి ప్రచురించుకోవచ్చు. మొదటి స్థాయి కథలు మీకు సరిపోతాయి.

అమెరికాలో ఉంటున్నాం. పాపకు మూడున్నరేళ్లు. లేడీబగ్, హైఫైవ్ లాంటి పత్రికలు ఇంటికొస్తాయి. వాటితో తెలుగు నేర్పడం కుదురుతుందా?
– ఒక తల్లి, ఫ్రిస్కో

కుదురుతుంది. ఇంగ్లిష్ వాక్యం చదివి, వెంటనే తెలుగులో అనువాదం చెప్పడం మాత్రం మానండి. రెండో భాష కోసం వేచి ఉండాల్సిన అవసరం పాపకు కనిపించదు, అర్థం ఇంగ్లిష్‌లోనే అందిపోతుంది. ఒక పూట పూర్తిగా తెలుగుకు కేటాయించి, అక్షరాల జోలికి పోకుండా బొమ్మలు పట్టుకుని మీ కథ చెప్పండి. పత్రికలో స్నోమ్యాన్ ఉంటే మంచుబొమ్మ అనండి, దానికి ముక్కుగా క్యారెట్ ఎవరు పెట్టారో అడగండి. ఇంగ్లిష్‌లో జవాబిస్తే కోప్పడకుండా అదే మాటను తెలుగులో తిరిగి అనండి. వారానికొకసారి అమ్మమ్మతో వీడియో కాల్‌లో పాపే ఆ పేజీ చూపించి చెబితే, తెలుగు తప్ప వేరే దారి లేని వినేమనిషి దొరుకుతుంది.

ఇంట్లో పాత చందమామలు కట్టలుగా ఉన్నాయి. యూకేజీ మనవడికి ఇవ్వొచ్చా?
– ఒక తాతగారు, తెనాలి

చేతికి ఇవ్వకండి, ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించండి. 1947 జులైలో మొదలైన చందమామ చదవడం వచ్చిన పిల్లల కోసం నడిచింది. ఆ చిన్న అక్షరాలు, నిండు పేజీలు ఐదేళ్లవాడికి అందవు. బేతాళ కథలు, పొడుగు సీరియళ్లు ఇప్పుడు వద్దు. ఒక పేజీలో ముగిసే జంతువుల కథ ఎంచుకుని, మీ మాటల్లో ఐదు నిమిషాల్లో చెప్పండి. వడ్డాది పాపయ్య వేసిన అట్టబొమ్మలైతే ఒక్కొక్కటీ ఒక పూట కబుర్లకు సరిపోతుంది. కాగితం పెళుసెక్కి ఉంటుంది కాబట్టి పేజీ మీరే తిప్పండి.