అప్పుల సంగతి వాళ్ళకెందుకు?

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో ఉద్యోగుల నేపథ్య విచారణ, సెక్యూరిటీ క్లియరెన్సుల (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతుల) గురించి అక్కడి మన పాఠకులు అడిగిన ప్రశ్నలలో నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: పదేళ్ళుగా ఒక ప్రైవేటు సంస్థ హెచ్.ఆర్. విభాగంలో పని చేస్తున్నాను. ఈమధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది. ప్రభుత్వంలో ‘పర్సొనెల్ సెక్యూరిటీ స్పెషలిస్ట్’ ఉద్యోగానికి దరఖాస్తు పెడదామనుకుంటుంటే, అది పోలీసు పని, నీకు పడదని మావారు అంటున్నారు. అక్కడ నిజంగా చేసే పని ఏమిటండీ?

జవాబు: మీవారు పోలీసు పని అంటున్నది బహుశా ఇన్వెస్టిగేటరు ఉద్యోగాన్ని చూసి కావచ్చు. అభ్యర్థి నివసించిన ఇళ్ళ చుట్టుపక్కల వారిని, పాత యజమానులను, స్నేహితులను కలిసి, కోర్టు రికార్డులు తిరగేసి, చూసినదీ విన్నదీ రాసి పంపడం ఆ ఉద్యోగి పని. ఈ అభ్యర్థికి క్లియరెన్సు ఇవ్వవచ్చా లేదా అన్న అభిప్రాయం చెప్పే అధికారం ఆయనకు లేదు. ఆ నివేదికను చదివి నిర్ణయం తీసుకునేవారిని అడ్జుడికేటరు అంటారు. మీరు చెప్పిన ఉద్యోగం చాలా కార్యాలయాల్లో ఈ రెండో వైపుకే దగ్గరగా ఉంటుంది: ఫారాలు సరిగా నింపారా లేదా చూడటం, విచారణకు పంపడం, తిరిగి వచ్చిన ఫైలు చదవడం, నిర్ణయానికి కారణాలు రాయడం. ఎవరినీ వెంటాడే పని కాదు; పొద్దస్తమానం చదివే పని.

ఆ చదవడం ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాను. అభ్యర్థులు నింపే ‘స్టాండర్డ్ ఫారం 86’ వంద పేజీలకు పైబడి ఉంటుంది. అందులో గత ఏడేళ్ళలో మిమ్మల్ని ఉద్యోగం నుంచి తీసేశారా అని ఒక ప్రశ్న ఉంది. అయితే అది అక్కడితో ఆగదు. తీసేస్తామని చెప్పాక మీరే మానేశారా, మీ ప్రవర్తన మీద ఆరోపణ వచ్చిన తరువాత ఇరుపక్షాలూ ఒప్పుకొని విడిపోయారా, పనితీరు బాగాలేదన్నారని వెళ్ళిపోయారా అని కూడా అడుగుతుంది. ఒక అభ్యర్థి మొదటి ముక్క మాత్రమే చదివి ‘లేదు’ అని పెట్టాడనుకోండి. పాత సూపర్‌వైజరేమో, ‘రాజీనామా ఇవ్వకపోతే మేమే తీసేసేవాళ్ళం’ అని ఇన్వెస్టిగేటరుతో చెప్పాడు. ఇప్పుడు మీ ముందు రెండు వాక్యాలున్నాయి, రెండూ ఒకదానికొకటి పొసగవు. అతను అబద్ధం ఆడాడా, ప్రశ్న పూర్తిగా చదవలేదా? ఫారంలో పొరపాటు దొర్లడం ఒక్కటే దోషం కాదు, తెలిసి దాచడమే దోషమని నిబంధన. కాబట్టి మీరు మిగతా పేజీలకు వెళతారు. వేరేచోట తనకు చెరుపు చేసే విషయాలు తనంతట తానే చెప్పాడా? ఎవరూ నిలదీయక ముందే ఇన్వెస్టిగేటరుతో ‘ఆ జవాబు దిద్దుకోవాలండీ’ అన్నాడా? సాక్ష్యం ఎదురుగా పెట్టాక ఒప్పుకున్న మాటకూ, అంతకుముందే చెప్పిన మాటకూ ఈ ఉద్యోగంలో చాలా తేడా ఉంది.

నిర్ణయానికి ఆధారం 2017 జూన్ నుంచి అమలులో ఉన్న 13 మార్గదర్శకాలు. దేశం పట్ల విధేయత, విదేశీ ప్రభావం, ఆర్థిక పరిస్థితి, మద్యం, మాదకద్రవ్యాలు, నేరచరిత్ర వగైరాలన్నీ అందులో ఉన్నాయి. ప్రతి అంశం కిందా శంకించవలసిన పరిస్థితులు ఒకవైపు, ఆ శంకను తగ్గించే పరిస్థితులు మరొకవైపు రాసి ఉంటాయి. చివరికి మనిషి మొత్తాన్నీ కలిపి చూడమంటారు. ఇంకా అనుమానం మిగిలితే దేశభద్రత వైపే మొగ్గాలన్నది నియమం. క్లియరెన్సు ఎవరికీ హక్కు కాదని 1988లో ఈగన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఆ నియమాన్ని కాదనలేను గాని, బద్ధకస్తుడైన అడ్జుడికేటరుకు అంతకన్న చల్లని నీడ మరొకటి లేదన్న సంగతి కూడా చెప్పాలి. రెండు ఫోన్లు చేస్తే తీరిపోయే అనుమానాన్ని తీర్చుకోకుండా, ‘అనుమానం ఉంది’ అని రాసి ఫైలు మూసేయడం చాలా సులువు. అవతల ఒక మనిషి ఉద్యోగం పోతుంది.

ఇదే అధికారం హద్దు తప్పిన చరిత్ర కూడా ఉంది. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేసిన 10450వ కార్యనిర్వాహక ఉత్తర్వు ‘లైంగిక వక్రత’ను అనర్హతలలో ఒకటిగా చేర్చింది. స్వలింగ సంపర్కులన్న కారణంతో వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. బయట పడుతుందన్న భయంతో శత్రువుకు లొంగిపోతారన్నది అప్పటి వాదన. ఆ భయాన్ని పుట్టించింది తమ ఉత్తర్వేనన్న సంగతి ఆ వాదన చేసినవారికి తట్టలేదు. క్లియరెన్సుల విషయంలో ఆ వివక్ష కూడదని అధ్యక్షుడి ఉత్తర్వులో స్పష్టంగా రాయడానికి 1995 వరకు పట్టింది. నిరాకరించేటప్పుడు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చి, జవాబు చెప్పుకునే అవకాశం కల్పించాలని కూడా అదే ఉత్తర్వు చెప్పింది. మీరు ఆ ఉద్యోగంలో చేరితే అలాంటి కారణాలు మీరే రాయవలసి రావచ్చు. అన్నట్టు, ఇతరుల ఫైళ్ళు ముట్టుకునే ముందు మీరూ ఇదే విచారణ దాటాలి.

ప్రశ్న: రక్షణ శాఖ కాంట్రాక్టు మీద పనిచేసే సంస్థలో ఇంజినీరును. మా ఆవిడకు ఆపరేషను అయినప్పుడు క్రెడిట్ కార్డుల మీద నలభై వేల డాలర్ల దాకా అప్పు పడింది. క్లియరెన్సు ఫారంలో అప్పుల గురించి ఇన్ని ప్రశ్నలెందుకు? అప్పు చేయడం నేరమా?

జవాబు: నేరం కాదు, నేరమని అడగడమూ లేదు. సొంత డబ్బు వ్యవహారం చక్కబెట్టుకోలేని మనిషి నియమాలు పాటిస్తాడా అన్నది ఒక శంక. పీకల దాకా మునిగినవాడికి ఎవరైనా డబ్బు ఆశ చూపితే ఏం చేస్తాడన్నది రెండోది. ఈ రెండో శంకకు ఆధారం లేకపోలేదు. సి.ఐ.ఏ. అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో అప్పుల ఒత్తిడిలో ఉండి సోవియట్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. 1994లో పట్టుబడే నాటికి, ఏడాదికి డెబ్బై వేల డాలర్లు కూడా దాటని జీతంతో, 5,40,000 డాలర్ల ఇల్లు నగదుకు కొని జాగ్వార్ కారులో ఆఫీసుకు వస్తున్నాడు. అప్పులే కాదు, లెక్కకు అందని ఐశ్వర్యం కూడా అనుమానించదగినదేనని అక్కడి వాళ్ళు ఆలస్యంగా తెలుసుకున్నారు.

మీ సంగతి వేరు. అనారోగ్యం, ఉద్యోగం పోవడం, విడాకులు వంటి మన చేతిలో లేని కారణాల వల్ల అప్పు పడి, ఆ తరువాత మనిషి బాధ్యతగా నడుచుకుంటే, ఆ శంకను తగ్గించే పరిస్థితిగా మార్గదర్శకాలే దాన్ని పేర్కొంటాయి. ఇక్కడ మోసపోయేవారు ఎక్కువ, ఎందుకంటే అందరూ మొదటి సగమే చదువుతారు. ఆపరేషను బిల్లు చూపిస్తే సరిపోదు, ఆ తరువాత మీరేం చేశారో కూడా చూపించాలి. ఆసుపత్రి వారితో, కార్డు సంస్థలతో వాయిదాల ఒప్పందం చేసుకుని, నెలనెలా కట్టిన రసీదులు దాచండి. నెలకు రెండు వందలు క్రమం తప్పకుండా కట్టిన ఏడాది కాగితాలు, ఇంటర్వ్యూకు ముందు రోజు ఎవరి దగ్గరో తెచ్చి ఒక్కసారిగా తీర్చిన మొత్తం కన్న బలమైన సాక్ష్యం. ఫారంలో మాత్రం ఏదీ వదలకండి. క్రెడిట్ రిపోర్టు ఎలాగూ వారి చేతిలో ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మానాన్నలు, తమ్ముడు భారతదేశంలోనే ఉన్నారు. ఇక నాకు క్లియరెన్సు ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: అక్కర్లేదు. విదేశంలో బంధువులుండటం ఒక్కటే అడ్డంకి కాదు. ఆ దేశం ఏది, వారు అక్కడి ప్రభుత్వంలో గాని సైన్యంలో గాని ఉన్నారా, వారి మీద ఒత్తిడి తెచ్చి మిమ్మల్ని లొంగదీసే వీలుందా, మీ జీవితం, ఆస్తిపాస్తులు ఎక్కువగా ఎటువైపు పాతుకున్నాయి అన్నవన్నీ కలిపి తూస్తారు. తమ్ముడి ఉద్యోగం, అక్కడి ఆస్తి, పంపే డబ్బు, అడిగినవన్నీ ఉన్నదున్నట్టు రాయండి.

ప్రశ్న: పక్కింటి అబ్బాయి గురించి వాకబు చేయడానికి ఒకాయన వచ్చారు. ఎందుకొచ్చిన గొడవ అని ‘మంచివాడేనండీ’ అని రెండు నిమిషాల్లో తలుపు వేసేశాను. అతనికి మేలు చేశానా, కీడు చేశానా?

జవాబు: కీడు చేయలేదు గాని, మేలు కూడా అంతంతమాత్రమే. ‘మంచివాడు’ అన్న మాటను అడ్జుడికేటరు ఏం చేసుకోవాలి? ఎన్నేళ్ళుగా ఎరుగుదురు, ఎంత తరచుగా చూస్తారు, ఇంట్లో గొడవలు, తాగుడు వంటివి కంటబడ్డాయా, ఆ చిరునామాలో అతను నిజంగా ఉంటున్నాడా అన్నవి వారికి కావాలి. మీరు మాట్లాడి తీరాలన్న నిర్బంధం లేదు. మీరు చెప్పినట్టు బయటపడకూడదనుకుంటే ఆ మాట ముందే అడగవచ్చు. 1974 నాటి ప్రైవసీ చట్టం కింద ఆ అబ్బాయి తన ఫైలు తెప్పించుకునే వీలుంది, కనుక అడగడం మంచిది.

ఇలాంటి గుమ్మాలు ఎక్కి దిగే పని విసుగు పుట్టిస్తుంది. యు.ఎస్.ఐ.ఎస్. అనే కాంట్రాక్టు సంస్థ 2008 నుంచి 2012 వరకు దాదాపు 6,65,000 ఫైళ్ళను సరిగా సమీక్షించకుండానే పూర్తయినట్టు ప్రభుత్వానికి పంపిందని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. చివరికి 2015లో కనీసం మూడు కోట్ల డాలర్ల మేరకు రాజీ కుదిరింది. మీ ఇంటికి వచ్చినాయన శ్రద్ధగలవాడైతే మరోసారి రావచ్చు. అప్పుడు గుర్తింపు కార్డు చూపించమని అడగండి, లోపల కూర్చోబెట్టండి, కళ్ళారా చూసినంతవరకే చెప్పండి. మిగతా వాటికి ‘నాకు తెలియదండీ’ అంటే ఆయన దాన్నీ అలాగే రాసుకుంటారు.