‘అండర్‌టేల్’లో అసలు మిస్టరీ ఎక్కడుంది?

ప్రశ్న: మా తమ్ముడు ల్యాప్‌టాప్‌లో ‘అండర్‌టేల్’ అనే గేమ్ ఆడుతున్నాడు. మేం చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేముల్లాగే చుక్కల బొమ్మలు. దానికి ఇంత పేరెందుకండీ? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: బొమ్మలు చూసి తేలిగ్గా తీసుకోకండి. 2015 సెప్టెంబరులో వచ్చిన ఈ గేమ్‌కి కథ, మాటలు, సంగీతం, ప్రోగ్రామింగ్ దాదాపు అన్నీ టోబీ ఫాక్స్ అనే అమెరికన్ ఒక్కడే చేశాడు, బొమ్మలకు మాత్రం టెమీ చాంగ్ బాగా సాయం చేశారు. జపాన్‌లో 1994లో వచ్చిన ‘మదర్ 2’ లాంటి పాత గేములంటే ఫాక్స్‌కు ప్రాణం. ఆ గేములు మనకు చేసిన అలవాట్లేమిటో బాగా తెలుసు కాబట్టే, సరిగ్గా అక్కడే మనల్ని పట్టుకుంటాడు.

కథలో ఎబట్ అనే కొండెక్కిన ఒక చిన్నబిడ్డ (మనం ఆడేది ఆ బిడ్డగానే) కింద పాతాళంలో పడిపోతుంది. ఎప్పుడో యుద్ధంలో ఓడిన రాక్షసుల్ని మనుషులు బంధించింది అక్కడే. టోరియెల్ అనే మేకమొహం తల్లి ఆ బిడ్డను చేరదీసి, బటర్‌స్కాచ్, దాల్చినచెక్క వేసి ‘పై’ అనే తీపి వంటకం చేసిపెట్టి, పడుకోబెడుతుంది, ఇంటికెళ్తానంటే మాత్రం తలుపుకు అడ్డం నిలబడుతుంది. కాస్త కొడితే లొంగుతుందిలే అని పాత అలవాటు కొద్దీ చాలామంది కొడతారు. చచ్చిపోతుంది! ప్రాణం ఉసూరుమని, సేవ్ చేసిన చోటికి వెళ్లి మళ్లీ ఆడి, ఈసారి కొట్టకుండా ‘మెర్సీ’ (కనికరించి వదిలేయడం) ఒక్కటే ఓపిగ్గా నొక్కుతూ పోతే, ఆమె మంటలు విసరడం ఆపేసి, దగ్గరికి తీసుకుని దారి వదులుతుంది. హమ్మయ్య అనుకుని అవతలికి వెళ్లగానే ఫ్లవీ అనే పువ్వు ఎదురవుతుంది. ఇందాక ఆమెను చంపావు, మనసొప్పక వెనక్కి వచ్చావు, నాకు తెలుసులే అన్నట్టు మాట్లాడుతుంది.

సేవ్ చేసుకోవడం మన సౌకర్యం కోసమే అనుకుంటాం కదా, ఇక్కడ అది కథలోనే ఉంది. ఈ పువ్వెవరు, దానికెలా గుర్తుంది, మనకంటే ముందు అక్కడ పడిన బిడ్డ ఏమైంది? మిస్టరీ అంతా అదే, ఇంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పను. యూట్యూబ్‌లో వెతక్కండి, దయచేసి.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. ఆడనివ్వొచ్చా? ఫోన్‌లో దొరుకుతుందా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఫోన్‌కి అధికారికంగా రాలేదు, కంపెనీది కాని ఏపీకేలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) వేయకండి. పాత ల్యాప్‌టాప్ చాలు. మాటలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, అవి చదవకపోతే గేమే లేదు, కాబట్టి మీరు పక్కన కూర్చుంటే మంచిది. రక్తపాతం చూపించరు గానీ చివర్లో పిల్లలు జడుసుకునే ఘట్టాలున్నాయి. పోరాటాల్లో గీత గీసిన చిన్న పెట్టెలో, మనకు గుర్తుగా ఉండే ఎర్ర హృదయాన్ని జరుపుతూ దెబ్బలు తప్పించుకోవడం మొదట్లో కష్టమే, చేయి అలవాటవుతుంది.

ప్రశ్న: ఒకసారి పూర్తి చేశాను. మళ్లీ ఆడాలా? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: ఆడాల్సిందే. ఎవ్వరినీ చంపకుండా, ఎదురైన వాళ్లతో స్నేహం చేసుకుంటూ వెళ్తేనే అసలు ముగింపు తెరుచుకుంటుంది, పైన అడిగిన ప్రశ్నలకు జవాబులూ అక్కడే దొరుకుతాయి. ఆ తర్వాత టోబీ ఫాక్స్‌దే ‘డెల్టారూన్’ అనే గేమ్ మొదలుపెట్టండి, మొదటి రెండు అధ్యాయాలు ఉచితంగానే ఆడొచ్చు.