నోట్‌బుక్ నిండా స్వరాల లెక్కలు: మాన్పించాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి ప్లస్ టూ సైన్స్, చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడు. ఈమధ్య మైక్రోటోనల్ స్కేళ్లంటూ (మామూలు కీబోర్డులో లేని సన్నని అంతరాల స్వరవరుసలట) '5ఎల్ 2ఎస్' లాంటి పేర్లు రాసుకుంటూ కూర్చుంటున్నాడు. దీంతో ఉద్యోగం వస్తుందా? మాన్పించమంటారా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాన్పించకండమ్మా. అతను రాస్తున్నది అసలైన గణితం. '5ఎల్ 2ఎస్' అంటే స నుంచి పై స వరకు ఐదు పెద్ద (లార్జ్) అంతరాలు, రెండు చిన్నవి (స్మాల్). మన శంకరాభరణమే చూడండి: గ-మ, ని-స చిన్నవి, మిగతావి పెద్దవి. పెద్దది 2, చిన్నది 1 అనుకుంటే మొత్తం 12 భాగాలు, అంటే మామూలు కీబోర్డు. 3, 2 అనుకుంటే 19. 5, 3 అనుకుంటే 31. భాగాలు ఎన్నయినా అల్లిక ఒకటే, అందుకే దానికో పేరు. ఇలా రెండే రకాల అంతరాలతో వచ్చే స్కేళ్ల సిద్ధాంతానికి 1970లలో ఎర్వ్ విల్సన్ అనే అమెరికన్ సంగీత సిద్ధాంతకర్త దారి వేశాడు.

మన మేళకర్తల (మూల రాగాల) పేర్లు ఇంకా ఎక్కువ చెబుతాయి. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతిలో 'ధీ' 9, 'ర' 2, తిరగేస్తే ధీరశంకరాభరణం 29వ మేళకర్త. నంబరు తెలిస్తే స్వరాలన్నీ తెలిసినట్టే. ఎల్-ఎస్ పేరుకు మాత్రం శంకరాభరణం, కల్యాణి, ఖరహరప్రియ, తోడి అన్నీ ఒకటే, గ్రహభేదం చేస్తే, అంటే అవే స్వరాల్లో వేరే స్వరాన్ని స అనుకుంటే, ఒకదాంట్లోంచి ఇంకొకటి వస్తుంది కాబట్టి. మరి మాయామాళవగౌళ ఆ కుటుంబంలో ఎందుకు ఇమడదో మీ అబ్బాయిని అడగండి. అందులో మూడు రకాల అంతరాలున్నాయని తడుముకోకుండా చెబితే, అతనికి లెక్కా చెవీ రెండూ ఉన్నాయి.

ఇక ఉద్యోగం. ఈ పేరుతో పోస్టులు ఉండవు. ఉన్నది మ్యూజిక్ టెక్నాలజీ: శ్రుతిని పట్టే యాప్‌లు, సింథసైజర్ సాఫ్ట్‌వేర్, రాగాన్ని గుర్తించే ప్రోగ్రాములు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో కర్ణాటక సంగీతం మీద కూడా ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. వీటన్నిటికీ ప్రోగ్రామింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ రావాలి. అందుకని డిగ్రీ కంప్యూటర్స్‌లోనో ఎలక్ట్రానిక్స్‌లోనో చేయించండి. మ్యాథ్స్ అయినా మంచిదే.

పాట మాత్రం ఆపనివ్వొద్దు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, ఏ లెక్కకూ పూర్తిగా దొరకదు, గురువు ఎదుట కూర్చోవాల్సిందే. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల మీకు మరీ దూరమేం కాదు, అక్కడి కోర్సుల గురించి ఒకసారి వెళ్లి కనుక్కోండి.

పరీక్షలయ్యాక ఒక చిన్న పని చేయమనండి. తను పాడిన కల్యాణిని ఫోన్‌లో రికార్డు చేసి, ఉచితంగా దొరికే, ధ్వనిని విశ్లేషించే ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, తన గాంధారం (గ) ఎక్కడ నిలుస్తోందో చూడాలి. స నుంచి పై స వరకు 1200 సెంట్లు అనుకుంటే, కీబోర్డులో అది 400 సెంట్లు, 31 భాగాల పద్ధతిలో సుమారు 387. తన గొంతు ఎటు మొగ్గుతోందో గ్రాఫులతో నాలుగు పేజీలు రాసి పెట్టుకుంటే, రేపు ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసేటప్పుడు అదే జతచేయొచ్చు.