విశాఖలో కొత్తగా హెచ్‌ఎం అయినవాళ్లు నాయకత్వ శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: చాలా ఏళ్లు స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేసి, ఈ ఏడాదే విశాఖ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలకు హెచ్‌ఎంగా వెళ్లారు. 16 మంది టీచర్లున్నారు, సగం మంది మీతో సమానులో, మీకంటే సీనియర్లో. ఏ లీడర్‌షిప్ కోర్సు చేయాలి, డబ్బు కట్టి చేసేవి పనికొస్తాయా, సీనియర్లను బాధ్యతల్లోకి ఎలా తేవాలి అని అడిగారు.

కోర్సుల సంగతి కాసేపట్లో చెప్తాను. దానికంటే ముందు పట్టుకోవాల్సిన పని ఒకటుంది: తరగతిలో కూర్చుని పాఠం చూడటం, చూశాక ఆ టీచరుతో సరిగ్గా మాట్లాడటం. ఈ రెండూ వచ్చిన హెచ్‌ఎంకి మిగతా నాయకత్వం నేర్పడం తేలిక. ఇవి రాకుండా ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చుకున్నా బడిలో పాఠం చెప్పే తీరు మారదు. 2008లో న్యూజిలాండ్‌కు చెందిన వివియాన్ రాబిన్సన్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్లో కొన్నిటిని కలిపి లెక్కగట్టింది. హెచ్‌ఎంలు చేసే పనుల్లో పిల్లల చదువు మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపింది, టీచర్ల నేర్చుకోవడాన్ని ప్రోత్సహిస్తూ తామూ అందులో కూర్చోవడమే. మిగతా ఏ అంశం ప్రభావమూ దానిలో సగానికి మించలేదు.

సమయం లెక్క వేసుకోండి. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు తరగతులు, ఒక్కోటి 20 నిమిషాలు. ఆ తర్వాత ఒక్కో టీచరుతో పది నిమిషాల మాట. అంటే వారానికి ఎనిమిది పరిశీలనలు, మొత్తం నాలుగు గంటలు. 16 మందిలో ప్రతి ఒక్కరి దగ్గరికీ రెండు వారాలకోసారి వెళ్తారు. నెలకోసారి పీరియడ్ మొత్తం కూర్చుని, నాలుగు పేజీలు రాసే పద్ధతి కంటే ఇది ఎంతో మేలు. నెల గడిచేసరికి ఏం చెప్పారో టీచరుకీ గుర్తుండదు, మీకూ గుర్తుండదు.

వెళ్లినప్పుడు వెనక బెంచీలో కూర్చోకండి. అక్కడినుంచి టీచరు ముఖం, పిల్లల వీపులు తప్ప ఏమీ కనిపించవు. పక్క గోడవైపు, తరగతికి సగం దూరంలో కూర్చుంటే పిల్లల నోటుపుస్తకాలు కనిపిస్తాయి, అసలు చూడాల్సింది అవే. ఒక తెల్లకాగితాన్ని మూడు నిలువు గడులు చేసుకోండి: సమయం, టీచరు అన్నదీ చేసిందీ, పిల్లలు చేసింది. మార్కులు, గ్రేడులు, "బాగుంది", "బాగాలేదు" లాంటి మాటలు రాయొద్దు. "10:12కి మూడో లెక్క ఇచ్చారు, 10:16కి ఎడమవైపు వరసలో తొమ్మిది మందిలో నలుగురు రాశారు" అన్నట్టు రాయండి. మధ్యలో వీలు దొరికితే, పాఠానికి అడ్డురాకుండా, ముగ్గురు పిల్లల్ని చిన్న గొంతుతో అడగండి: "ఇప్పుడు ఏం నేర్చుకుంటున్నారమ్మా?" పాఠం పేరు చెప్పారా, చేస్తున్న పని చెప్పారా, ఎందుకు చేస్తున్నారో చెప్పారా అన్న తేడాలో చాలా సమాచారం ఉంటుంది. గాజువాక, పెదగంట్యాడ వైపు బడులైతే ఇంట్లో ఒడియానో, హిందీనో మాట్లాడే పిల్లలు ఉండొచ్చు. ఆ ముగ్గురిలో ఒకరు వాళ్లలోంచి ఉండేలా చూసుకోండి.

మన తరగతుల్లో ముందుగా కళ్లబడేది "అర్థమైందా?", "అయిందండీ!" అనే కోరస్. ఆ జవాబు వల్ల ఎవరికి అర్థమైందో ఎవరికీ తెలియదు. దీన్ని మార్చడం చవక, ఫలితం త్వరగా కనిపిస్తుంది. పేర్లు రాసిన చీటీల్లోంచి ఒకటి తీసి అడగడం, అందరూ ఒక్క నిమిషంలో జవాబు నోటుపుస్తకంలో రాశాకే చెప్పించడం, ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టుకుని ఆగడం. టీచర్లు ప్రశ్న అడిగాక మామూలుగా ఒక సెకను కూడా ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది, ఎక్కువ పొడవైన జవాబులు ఇస్తారనీ అమెరికాలో మేరీ బడ్ రో 1970లలోనే గమనించారు. మొదటి రెండు నెలలూ బడి మొత్తానికి ఈ ఒక్క విషయమే పెట్టుకోండి. అన్ని సబ్జెక్టులకూ పనికొస్తుంది, ఎవరి సబ్జెక్టు జ్ఞానాన్నీ ప్రశ్నించదు, కాబట్టి సీనియర్లకి గుచ్చుకోదు.

ఆ తర్వాత జరిగే మాట దగ్గరే చాలామంది తడబడతారు. అదే రోజు, కుదరకపోతే మర్నాడు ప్రార్థన లోపు మాట్లాడాలి. మీ గదిలో టేబుల్‌కి అటూ ఇటూ కూర్చోకూడదు, అలా కూర్చుంటే అది విచారణలా ఉంటుంది. స్టాఫ్ రూములో అందరి ముందూ వద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు, మెచ్చుకోలు కూడా. ఒకరిని పొగిడితే మిగతా పదిహేను మందీ తమని ఎందుకు పొగడలేదని చూస్తారు. ఖాళీ తరగతిలో ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఆ కాగితం మధ్యలో పెట్టండి.

"ఎలా జరిగిందనుకుంటున్నారు, మాస్టారూ?" అని మొదలుపెడితే "బాగానే జరిగిందండీ" తప్ప ఇంకేమీ రాదు. కాగితంలోని ఒక వరస మీద వేలు పెట్టి అడగండి: "మూడో లెక్క దగ్గర వెనక రెండు బెంచీలవాళ్లు ఏం చేస్తున్నారనుకున్నారు?" ఆయన చెప్పాక మీరు చూసింది చెప్పండి. తేడా ఉంటే ఆయనకే కనిపిస్తుంది, మీరు వ్యాఖ్యానించక్కర్లేదు. మార్చాల్సినవి ఏడు కనిపించినా చెప్పాల్సింది ఒక్కటే. ఏడూ చెప్తే ఆయన ఏదీ చేయరు, పైగా మనసు కష్టపెట్టుకుంటారు. చివరగా "రేపటి పాఠంలో ఎక్కడ ఇది చేసి చూస్తారు?" అని అడిగి, ఆ పాఠం, ఆ తరగతి, ఆ పీరియడ్ రాసుకోండి. వారం పదిరోజుల్లో సరిగ్గా ఆ విషయం చూడటానికే మళ్లీ వెళ్లాలి. ఈ రెండో రాక లేకపోతే మొదటి రాకకి విలువ లేదు. చెప్పి మర్చిపోయే హెచ్‌ఎం అని ఒక్కసారి పేరు పడితే అది పోవడానికి ఏడాది పడుతుంది.

ఈ కాగితాలు టీచరు దగ్గరే ఉండనివ్వండి. టీచర్ల పనితీరు మీద రాసే వార్షిక నివేదికలకు వీటితో సంబంధం లేదని జూన్‌లోనే నోటితో చెప్పి, చెప్పినట్టే ఉండండి. పై అధికారుల తనిఖీ కోసం ఉండే పరిశీలన రిజిస్టరు వేరు, దాన్ని దాని పద్ధతిలో రాయండి. రెండూ కలిపేస్తే టీచర్లు మీరు వచ్చినప్పుడు చూపించడానికే ఒక పాఠం దాచిపెట్టుకుంటారు.

అన్నిటికంటే ముందు మీరు క్లాసు చెప్పాలి. ఆఫీసు పని ఎంత ఉన్నా వారానికి కనీసం ఆరు పీరియడ్లు వదలకండి. మొదటి రెండు వారాల్లో మీ క్లాసు చూడటానికి ముగ్గురు టీచర్లను పిలిచి, అదే మూడు గడుల కాగితం చేతికిచ్చి, చూసింది చదివి వినిపించమనండి. మీరు చూపించిన తర్వాతే వాళ్లు చూపిస్తారు.

ఇక సీనియర్ల సంగతి. పరీక్షల ఇన్‌చార్జి, మధ్యాహ్న భోజనం, యూనిఫాంల పంపిణీ లాంటివి అప్పగించి నాయకత్వం ఇచ్చామనుకుంటారు చాలామంది. అది మన పని వాళ్ల భుజాన పెట్టడమే. వాళ్లకు అనుభవం ఉన్నది పాఠంలో, పెత్తనం ఇవ్వాల్సిందీ అక్కడే. ఒక సీనియర్ ఆధ్వర్యంలో ఇద్దరు ముగ్గురు టీచర్లు వారానికి ఒక పీరియడ్ కలిసి కూర్చోవాలి. ప్రతి ఒక్కరూ ఆరు నోటుపుస్తకాలు తెస్తారు: బాగా రాసేవారివి రెండు, మధ్యస్థంగా రాసేవి రెండు, వెనకబడినవి రెండు, అన్నిట్లో ఒకే ప్రశ్న. మొదటి పది నిమిషాలు తప్పులు ఏ రకంవో విడదీయాలి. తర్వాతి పదిహేను నిమిషాలు అందులో ఒక్క రకం ఎందుకు వస్తోందో తేల్చాలి. మిగతా సమయంలో మళ్లీ ఎలా చెప్పాలో ఒక పథకం రాయాలి. ఫార్మేటివ్ పరీక్ష (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మార్కుల జాబితా ముందు పెట్టుకుంటే ఈ పని జరగదు. మార్కులు ఎవరు తప్పారో చెప్తాయి గానీ ఎక్కడ తప్పారో చెప్పవు.

దీనికి ఉమ్మడి ఖాళీ పీరియడ్ కావాలి. టైంటేబుల్ వేశాక అది దొరకదు. ముందు ఆ పీరియడ్లను గడుల్లో పెట్టి, మిగతావి చుట్టూ అమర్చాలి. బడి తెరిచే జూన్ 12కి ముందే సీనియర్లలో ఇద్దరిని కూర్చోబెట్టి టైంటేబుల్ వేయించండి, అది కూడా నాయకత్వ శిక్షణే. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరే ఉంటే భాషలవాళ్లనీ సాంఘికశాస్త్రం వాళ్లనీ ఒక జట్టుగా, లెక్కలు, సైన్సు వాళ్లని ఇంకో జట్టుగా చేయండి. స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరలోని బడుల సమూహం) సమావేశంలో పక్క బడుల వాళ్లతో కలిసి నెలకోసారి చేసినా సరే.

మీరు డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకో, శిక్షణకో వెళ్లిన రోజు ఇన్‌చార్జిని వంతులవారీగా మార్చండి. డీడీఓ (జీతాలు, నిధులు డ్రా చేసే అధికారి) అధికారాలు, డబ్బు సంబంధ సంతకాలు మీ దగ్గరే ఉంటాయి. సబ్‌స్టిట్యూషన్, క్రమశిక్షణ, తల్లిదండ్రులతో మాట్లాడటం మాత్రం ఆ రోజుకి పూర్తిగా వాళ్లవే. తిరిగి వచ్చాక వాళ్లు తీసుకున్న నిర్ణయాన్ని అందరి ముందూ మార్చకండి. ఒక్కసారి మార్చినా మళ్లీ ఎవరూ నిర్ణయం తీసుకోరు, ప్రతిదానికీ మీకు ఫోన్ చేస్తారు.

కోర్సుల విషయానికొస్తే, డబ్బు కట్టేముందు ఉచితంగా ఉన్నవి చూడండి. ఢిల్లీలోని నీపాలో (జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ) 2012 నుంచి జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఉంది. వాళ్ల పాఠ్యప్రణాళికలో ఏడు అంశాలున్నాయి. బోధన తీరు మార్చడం, బృందాలను కట్టి నడిపించడం, ఈ రెండూ ముందు చదవండి. పాలన గురించినది ఆఖరికి వదిలినా ఫర్వాలేదు, రోజువారీ పని దాన్ని ఎలాగూ నేర్పుతుంది. వాళ్ల ఆన్‌లైన్ కోర్సు, ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్ష పోర్టల్‌లో ఉండే మాడ్యూళ్లు కలిపి జూలై, ఆగస్టుల్లో పూర్తిచేయొచ్చు. ఒక్కో మాడ్యూల్‌లోంచి బడిలో చేసి చూడగలిగింది ఒకటి తీసుకోకుండా తర్వాతి మాడ్యూల్‌కి వెళ్లకండి.

2020 జాతీయ విద్యా విధానం టీచర్లతోపాటు హెచ్‌ఎంలకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంటుంది. సీబీఎస్‌ఈ బడుల్లో అయితే అందులో 25 గంటలు బడిలోనే లేదా సహోదయ కాంప్లెక్సుల (చుట్టుపక్కల సీబీఎస్‌ఈ బడుల సమూహాల) ద్వారా చేసుకోవచ్చు. నా సలహా: 15 గంటలు ఆన్‌లైన్, 20 గంటలు పక్క బడులకు వెళ్లి చూడటం, 15 గంటలు మీ బడిలోని నోటుపుస్తకాల జట్టులో మీరూ కూర్చోవడం. పక్క బడులంటే నలుగురు హెచ్‌ఎంల జట్టు ఒకటి కట్టుకోండి, నెలకొకరి బడికి అందరూ ఒక పూట వెళ్లాలి. భీమిలి, ఆనందపురం వాళ్లు ఒక జట్టు, పెందుర్తి, గోపాలపట్నం వాళ్లు ఒక జట్టు, ఇలా దగ్గరదగ్గరగా ఉంటే పూటలో పని అవుతుంది. వెళ్లినచోట సన్మానాలు, టిఫిన్లు పెట్టుకోవద్దు. ఆతిథ్యమిచ్చే హెచ్‌ఎం ముందురోజే ఒక్క ప్రశ్న ఇవ్వాలి ("మా ఎనిమిదో తరగతి పిల్లలు ఇంగ్లిషులో నోరు విప్పడం లేదు, ఎందుకో చూడండి" లాంటిది), వచ్చినవాళ్లు దానికి మాత్రమే జవాబు వెతకాలి. భీమునిపట్నంలోని డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకుల్ని కూడా అప్పుడప్పుడు పిలవండి, బయటి కన్ను అవసరం.

డబ్బు కట్టే కోర్సుల గురించి మూడు ప్రశ్నలు అడగండి. మీ బడిలో చేయాల్సిన పని ఏదైనా ఇస్తారా? మీరు ఆ పని చేస్తుండగా ఎవరైనా వచ్చి చూస్తారా? కనీసం ఆరు నెలలు, మధ్యలో ఖాళీలతో నడుస్తుందా? మూడింటికీ కాదంటే ఆ డబ్బు లైబ్రరీకి పెట్టండి. హోటల్ హాల్లో రెండు రోజుల ఉత్సాహ ప్రసంగాలు సోమవారం మొదటి పీరియడ్ దాకా కూడా నిలవవు.

ఏడాదిలో ఈ పని కుదిరే నెలలు తక్కువని గుర్తుపెట్టుకోండి. జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు చివరిదాకా మీ చేతిలో ఉంటుంది. ఆ దరిదాపుల్లోనే దసరా సెలవులు, ఆపైన మన తీరానికి తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. డిసెంబరు నుంచి పదో తరగతి ప్రత్యేక తరగతులు సాయంత్రాలను తినేస్తాయి, మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఒంటిపూట బడులు. కొత్తదేదైనా సెప్టెంబరులోపు మొదలవ్వాలి. నవంబరులో దాన్ని స్థిరపరచుకోవచ్చు గానీ, అప్పుడు మొదలుపెట్టలేరు.

చివరగా, "నా క్లాసుకి రావద్దు" అనే మాస్టారు ఒకరు ఉన్నారని రాశారు. ఆయన్ని బలవంతపెట్టొద్దు, ఆదేశం కూడా ఇవ్వొద్దు. ఆయన బాగా చెప్పే పాఠం ఒకటి ఎంచుకుని, కొత్తగా చేరిన టీచరు చూడటానికి అనుమతి అడగండి. చూసినవాళ్లు ఆయన్ని రెండు ప్రశ్నలు అడుగుతారు, మీరు ఆ గదిలో ఉండొద్దు. అలా రెండు మూడు సార్లు జరిగాక దసరా సెలవులకు ముందు మీరు వెళ్లి, ఏ తరగతికి, ఏ రోజు రమ్మంటారో ఆయన్నే చెప్పమనండి. ఆయన చెప్పిన రోజున, చెప్పిన పీరియడ్‌కి, అదే తెల్లకాగితంతో వెళ్లండి.