టెక్ సందేహాలు: సెట్‌టాప్ బాక్సులోది ల్యాప్‌టాప్‌లోకి ఎలా?

"నాయనా, మా మనవరాలు తోటి పిల్లలతో కలిసి అన్నమయ్య కీర్తనలు పాడితే టీవీలో వేసినారు. వచ్చే శుక్రవారం సాయంత్రం మళ్లీ వేస్తారంట. దాన్ని కంప్యూటర్‌లో దాచుకోవాలని ఆశ. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ వైరును టీవీ నుంచి పీకి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కు పెట్టినాను. ఏమీ రాలేదు. పెన్‌డ్రైవ్‌ను బాక్సుకే గుచ్చి వేరే ప్రోగ్రాం రికార్డు చేసి చూస్తే టీవీలో బాగానే ఆడింది. ల్యాప్‌టాప్‌కు పెడితే మాత్రం ఫార్మాట్ చేయాలా అని అడుగుతోంది. నేనేమైనా చెడగొట్టినానా?"
— ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

ఏదీ చెడిపోలేదమ్మా. ఆ ఫార్మాట్ ప్రశ్నకు మాత్రం 'వద్దు' అనే నొక్కండి. 'సరే' అంటే పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది.

మామూలు ల్యాప్‌టాప్‌కు ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే, టీవీకో ప్రొజెక్టర్‌కో. సెట్‌టాప్ బాక్సుదీ బయటికి పంపేదే. రెండు కుళాయిల మూతులను ఒకే పైపుతో కలిపితే బిందె ఎక్కడ నిండుతుంది? నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఈ పొరపాటువే. ఇంజనీరింగ్ చదివిన పిల్లలూ చేస్తారు, మీరేమీ చిన్నబుచ్చుకోవద్దు.

పెన్‌డ్రైవ్ సంగతి వేరు. డబ్బు కట్టి చూసే కేబుల్, డీటీహెచ్ బాక్సులు రికార్డింగుకు తాళం వేసి రాస్తాయి. ఆ తాళం చెవి ఆ బాక్సులోనే ఉంటుంది. చాలా బాక్సులు పెన్‌డ్రైవ్‌నే విండోస్‌కు అర్థం కాని పద్ధతిలో మార్చేస్తాయి. అందుకే ఆ ఫార్మాట్ గోల. రేపు బాక్సు మారిస్తే ఆ రికార్డింగు మీకే పనికిరాకపోవచ్చు.

మరి దారేమిటంటే, బాక్సుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య క్యాప్చర్ కార్డు అనే చిన్న పరికరం పెట్టాలి. ఒక వైపు టీవీ వైరు, ఇంకో వైపు యూఎస్‌బీ. వీటిలో హెచ్‌డీఎంఐ రకం, పాత ఏవీ రకం అని రెండున్నాయి. షాపులో అడిగితే ముందు హెచ్‌డీఎంఐదే చేతిలో పెడతారు. డబ్బా మీద '4కే' అని కూడా ఉంటుంది. చవక రకాల్లో ఆ 4కే అంటే లోపలికి తీసుకోగలదని మాత్రమే, రికార్డయ్యేది 1080పీ. అది పెద్ద నష్టం కాదు. అసలు చిక్కు హెచ్‌డీసీపీ. బాక్సు బొమ్మ పంపే ముందు అవతల ఉన్నది టీవీయేనా అని ఒక రహస్య సంకేతంతో అడుగుతుంది. క్యాప్చర్ కార్డు దానికి జవాబు చెప్పలేదు. అప్పుడు మీకు కనిపించేది నల్లటి తెర. ఈ కాపలాను దాటించే పెట్టెలూ బజార్లో తిరుగుతుంటాయి. నేను వాటి జోలికి వెళ్లను. సొంతంగా చూసుకోవడానికి ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే 1957 కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ తప్పు పట్టదు. కానీ ఇలాంటి డిజిటల్ తాళాలు పగలగొట్టడం గురించి 2012లో 65ఎ అనే సెక్షన్ చేర్చారు. మనవరాలి పాట కోసం ఆ తలనొప్పి ఎందుకు?

కాబట్టి మీ బాక్సు వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఇయర్‌ఫోన్ గుచ్చేలాంటి ఒకే రంధ్రం పక్కన 'ఏవీ' అని ఉంటుంది. హెచ్‌డీసీపీ కాపలా హెచ్‌డీఎంఐ లాంటి డిజిటల్ దారికే. ఈ పాత దారిలో అది లేదు. ఏవీ క్యాప్చర్ కార్డు కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది. బొమ్మ హెచ్‌డీ అంత నిగనిగలాడదు, 720 బై 576 చుక్కలే. వేదిక మీద మనవరాలిని గుర్తుపట్టడానికి అది చాలు.

ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయించండి. అందులో 'సోర్సెస్' కింద ప్లస్ గుర్తు నొక్కి 'వీడియో క్యాప్చర్ డివైస్' ఎంచుకుంటే మీ కార్డు పేరు కనిపిస్తుంది. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, కిందికీ పైకీ జారుతున్నా సెట్టింగ్ ఎన్‌టీఎస్‌సీలో ఉందన్నమాట, పాల్‌కు మార్చండి. ఈ రెండూ టీవీ బొమ్మను పంపే పద్ధతులు, మన దేశంలో వాడేది పాల్. ఒకే రంధ్రం ఉన్న బాక్సయితే ఇంకో తమాషా ఉంది. ఆ వైరులో లోపలి తీగల వరుస కంపెనీకో రకం. పసుపు పిన్నులో బొమ్మకు బదులు గుర్రుమనే శబ్దం వస్తే, ఎరుపు పిన్నును పసుపు చోట గుచ్చి చూడండి. చాలాసార్లు దాంతో సరిపోతుంది.

శబ్దం దగ్గర జాగ్రత్త. ఓబీఎస్‌లో మైక్ తెరిచే ఉంటుంది. దాన్ని మ్యూట్ చేసి, క్యాప్చర్ కార్డు ఆడియోనే ఉంచాలి. ఒక ఏడాది మా అమ్మ కోసం ఎస్వీబీసీలో గరుడ సేవ ప్రత్యక్ష ప్రసారం రికార్డు చేశాను. నాదస్వరంతో పాటు మా వంటింటి కుక్కర్ నాలుగు విజిళ్లూ భద్రంగా రికార్డయ్యాయి. అంతటితో అయిపోలేదు. స్వామి వాహనం మలుపు తిరిగే సమయానికి ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకుంది. పవర్ సెట్టింగ్స్‌లో 'స్లీప్'ను 'నెవర్' చేయడం మరిచిపోయింది నేనే. అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది. మామూలు ఎంపీ4 అయితే ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉంది. పనంతా అయ్యాక ఫైల్ మెనూలో 'రీమక్స్ రికార్డింగ్స్' నొక్కితే క్షణాల్లో ఎంపీ4 అవుతుంది. బిట్‌రేట్, అంటే సెకనుకు ఎంత సమాచారం రాయాలనే లెక్క, 2,500 కేబీపీఎస్ పెడితే గంటకు ఒక జీబీ పైచిలుకు పడుతుంది. శుక్రవారం దాకా ఆగకుండా ఈరోజే ఏ సీరియలో పది నిమిషాలు రికార్డు చేసి, తిరిగి వేసి వినండి.

అన్నట్టు, ఆ ఛానల్ వాళ్ల యూట్యూబ్‌లో ఆ కార్యక్రమం ఇప్పటికే ఉందేమో చూశారా? ఉంటే రికార్డింగ్ ఏ కారణంతో చెడినా బెంగ ఉండదు.

"మాది డీడీ ఫ్రీ డిష్. బాక్సుకు పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేస్తే ల్యాప్‌టాప్‌లో సులువుగా తెరుచుకుంటోంది, ఫోన్‌లో మాత్రం ఆడట్లేదు. పెద్ద సినిమా అయితే రెండు ముక్కలవుతోంది. ఎందుకు సార్?"
— ఒక పాఠకుడు, గిరింపేట, చిత్తూరు

మీరు అదృష్టవంతులు. పై ఉత్తరంలో అమ్మగారు పడిన పాట్లు మీకు లేవు. ఫ్రీ డిష్‌లోలా తాళం లేకుండా వచ్చే ఛానళ్లను చాలా బాక్సులు ఉన్నదున్నట్టు టీఎస్ అనే రకం ఫైలుగా రాసేస్తాయి. వాటిలో చాలావరకు ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో వస్తాయి, ఫోన్‌లో ఉండే మామూలు ప్లేయర్‌కు అది తెలియదు. ఫోన్‌లో వీఎల్‌సీ యాప్ వేసుకుంటే ఆడుతుంది. ముక్కలవడానికి కారణం పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండటం. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. మీ బాక్సు ఒప్పుకుంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకోండి, లేకపోతే రెండు ముక్కలతోనే సర్దుకోవాలి. నలుగురికీ పంచాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చండి. అప్పుడు 'డీఇంటర్‌లేస్' పెట్టడం మరవొద్దు. లేకపోతే మనుషులు కదిలినప్పుడల్లా బొమ్మ అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి.