బతికున్న ‘క్విక్’

ప్రశ్న: మా తాతగారి పాత ఇంగ్లీషు బైబిల్లో, అపొస్తలుల కార్యములు 10:42లో, క్రీస్తుని ‘క్విక్ అండ్ డెడ్’కి న్యాయాధిపతి అన్నారు. తెలుగులో అదే చోట ‘సజీవులకును మృతులకును’ అని ఉంది. ఇంటర్ చదివే మా అబ్బాయేమో క్విక్ అంటే త్వరగా కదా అంటాడు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తెలుగులో ఉన్నది సరైనదేనమ్మా. అది 1611 నాటి ఇంగ్లీషు, అప్పటికి క్విక్ అంటే ప్రాణంతో ఉన్న అనే అర్థం ఇంకా వాడుకలో ఉంది. అసలు ఆ మాటకి మొదటి అర్థమే అది. ప్రాణమున్నది కదులుతుంది, చురుగ్గా ఉంటుంది, ఆ దారిలోనే వేగం అనే అర్థం వచ్చి చేరింది. నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది: ఇంగ్లీషు క్విక్, లాటిన్ వీవుస్, సంస్కృతం జీవ, ఈ మూడింటికీ మూలం ఒకటే. అంటే మీ తెలుగు బైబిల్లోని ‘సజీవులు’, ఆ క్విక్ దూరపు చుట్టాలే.

పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అంటారు, నేల మీద ఒలికితే పూసలు పూసలుగా పరిగెత్తే వెండి కాబట్టి. కాల్చిన సున్నం క్విక్‌లైమ్. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లకి వెల్ల వేసే ముందు తొట్టిలో సున్నపు గడ్డలు వేసి నీళ్లు పోస్తే బుసకొడుతూ, పొగలు కక్కుతూ కుతకుతా ఉడికేది చూసినవాళ్లకి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. గోరు కింద మెత్తటి కండ కూడా క్విక్కే, గోరు మరీ లోతుగా తీస్తే ప్రాణం జిల్లుమనే చోటు. మనసుకి అంత లోతుగా తగిలిన మాటని ‘కట్ టు ది క్విక్’ అంటారు. కడుపులో బిడ్డ మొదటిసారి కదిలినట్టు తల్లికి తెలియడం క్వికెనింగ్.

ఇక షేక్‌స్పియర్. హామ్లెట్ అయిదో అంకంలో గొయ్యి తవ్వేవాడు అందులోనే నిలబడి ఇది నాదే అంటాడు. గొయ్యి చచ్చినవాళ్లకి, క్విక్‌లకి కాదు, నువ్వు అబద్ధమాడుతున్నావు అంటాడు హామ్లెట్. అయితే ఇది క్విక్ అబద్ధం దొరా, నా దగ్గర్నుంచి మళ్లీ మీ దగ్గరికే వచ్చేస్తుంది అంటాడు వాడు! చావు గుంటలో నిలబడి ప్రాణాన్నీ వేగాన్నీ ఒక్క మాటలో ఆడించాడు. దీన్ని క్లాసులో ‘త్వరగా’ అని చెప్పి దాటేస్తే పిల్లలకి నిజంగా అన్యాయమే, మీ అబ్బాయి చేత ఆ ఘట్టం తప్పకుండా చదివించండి.

పరీక్షలో మాత్రం క్విక్‌కి వేగమనే రాయమనండి. ఇప్పుడు బతికున్నవాళ్లని ఎవరూ క్విక్ అనరు, కొత్త ఇంగ్లీషు బైబిళ్లు కూడా అక్కడ ‘లివింగ్’ అనే వాడుతున్నాయి.