బొమ్మ బరువు ఏ కాలిమీద ఉంది?

(పాఠకుల ప్రశ్నలకు అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టారి జవాబులు)

కిందటి సంచికలో లేపాక్షి గురించి రాస్తూ, నాట్యమండపంలోని భిక్షాటనమూర్తిని ‘మన సీమలో తప్పకుండా చూడాల్సిన నగ్నశిల్పం’ అన్నాను. ఆ ఒక్క మాటకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు మునుపు రాలేదు. తిట్లను పక్కన పెట్టి, ప్రశ్నలున్న ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మీరు రాసింది చదివి పిల్లల్ని తీసుకుని లేపాక్షి పోయినాం. ఆ స్తంభం దగ్గర మా తొమ్మిదేళ్ల పాప ‘స్వామికి బట్టలెందుకు లేవు నాన్నా?’ అని గట్టిగా అడిగింది. పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. మా ఆవిడ పాప చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయింది. అప్పుడు నేనేం చెప్పాల్సింది?
– బ్యాంకు ఉద్యోగి, ధర్మవరం

జవాబు: కథ చెప్పాల్సింది. పాప అడిగింది కథే. దారుకావనంలో మునులు తమంత తపస్సు చేసినవాళ్లు లేరని విర్రవీగుతున్నారు. వాళ్ల సంగతి తేల్చడానికి శివుడు ఒంటిమీద నూలుపోగు లేకుండా, చేతిలో పుర్రె పట్టుకుని, బిచ్చానికొచ్చాడు. భిక్ష వేయడానికి వచ్చిన మునిపత్నులు ఆయన్ని చూసి ఒళ్లు మరిచి నిలబడిపోయారు. మునులకు కోపం ముంచుకొచ్చింది. అన్నేళ్ల తపస్సూ ఆ ఒక్క పూటకు కూడా నిలవలేదు. గర్వమంటే ఏమిటో తొమ్మిదేళ్ల పిల్లకు బాగా తెలుసు. బళ్లో రోజూ చూస్తుంటుంది.

కథ అయ్యాక బొమ్మ చూపించండి. భిక్షాటనమూర్తికి బట్టలుండవు గానీ కాళ్లకు పాదుకలుంటాయి. ఇది పిల్లలకు భలే నచ్చుతుంది. నడుముకు పాము, పక్కన మెడ చాచి పైకి చూసే జింక. ఇవన్నీ ఒక్కొక్కటే వెతికిస్తే, మీరు భయపడిన సంగతి పాపకు గుర్తు కూడా ఉండదు. ఆ తర్వాత నేను నలభై ఏళ్లు పిల్లల్ని అడిగిన ప్రశ్నే మీరూ అడగండి: బొమ్మ బరువు ఏ కాలిమీద ఉంది? పాపను అలాగే నిలబడి చూడమనండి. ఒక కాలిమీద భారం వేస్తే ఆవైపు తుంటి పైకి లేస్తుంది, భుజం కిందికి వాలుతుంది. తన ఒంట్లో అది తెలిసిందంటే శిల్పం చూడటం వచ్చినట్టే.

మీరు ధర్మవరం వాళ్లు కాబట్టి ఇంకొక మాట. అదే మండపంలో తల పైకెత్తండి. అచ్యుతరాయల కాలంలో వేసిన కప్పు చిత్రాల్లో ఎన్ని చీరలు, ఎన్ని అంచులు, ఎన్ని రకాల గళ్లు! తలలమీది కుళ్లాయిలకు కూడా డిజైన్లే. బట్టంటే అంత పిచ్చి ఉన్న చోట ఒక్క బొమ్మకు బట్ట లేదంటే, అది మరిచిపోయి వదిలేసింది కాదు. కావాలని వదిలేసిందే. మీ ఆవిడగారికి ఈ సంగతి చెప్పి చూడండి. చీరల మీదుగా పోతే దారి సులువు.

ప్రశ్న: అయివారికి నమస్కారం. మా అమ్మాయి కడపలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు దాని స్కెచ్‌బుక్ మా అత్తగారి కంట పడింది. నిండా బట్టల్లేని మనుషుల బొమ్మలే. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. ‘రేపు సంబంధాలు చూడాలంటే ఏం మొహం పెట్టుకుని చెప్తావు?’ అంటోంది. మా ఆయన ఏమీ మాట్లాడరు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి గీయకుండా చదువు పూర్తి కాదా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: పూర్తవుతుందమ్మా, కాగితం కూడా వస్తుంది. బొమ్మ మాత్రం రాదు.

ముందు ఆ పుస్తకం మీరు ఒక్కరే కూర్చుని తీరిగ్గా తిరగేయండి. చాలా పేజీల్లో మొహాలు కూడా ఉండవు. కన్ను, ముక్కు వేసేంత టైము ఇవ్వరు. ఎదురుగా ఉన్న మోడల్ రెండు నిమిషాలకు ఒక భంగిమ, గంట కొట్టగానే ఇంకొకటి. ఆ రెండు నిమిషాల్లో అమ్మాయి వెతికేది వెన్నెముక ఎటు వంగింది, తుంటి ఎటు వాలింది, మెడ కింద కంటె ఎముక ఏ కోణంలో ఉంది అని. ఒళ్లు తెలియకుండా చీర గీస్తే అది హ్యాంగరుకు తగిలించిన చీరలాగే ఉంటుంది. లోపల మోకాలు ఎక్కడుందో తెలిస్తేనే కుచ్చిళ్లు ఎక్కడ విరగాలో తెలుస్తుంది. మన గుళ్లో మూలవిరాట్టును చూడండి. పట్టుబట్ట, పూలదండ కప్పేసినా లోపల ఒళ్లంతా చెక్కే ఉంటుంది. అభిషేకం వేళ చూసినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

నేను చదువుకున్నప్పుడు మాకు మోడల్‌గా కూర్చున్నది ఒక ముసలి కాపలాదారు, గోచీ మాత్రం కట్టుకుని. మొదటి పది నిమిషాలు అందరం తలలు దించుకుని పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చున్నాం. ఆ తర్వాత సిగ్గుపడటానికి తీరిక లేదు. ఆయన భుజం మీద బరువులు మోసి మోసి కాయ కాసిన చోటు ఒకటుండేది. కుడి భుజం ఎడమదానికన్నా ఒక వేలెడు దిగి ఉండేది. నేను రెండూ సమానంగా గీస్తే మా సార్ వచ్చి చెరిపేసి, ‘ఈయన బతుకంతా ఆ వంకరలోనే ఉంది, దాన్ని సరిచేస్తావేంరా’ అన్నారు. టీ టైములో ఆ పెద్దాయన వచ్చి మా బొమ్మలన్నీ చూసి, ‘నా మోకాలు ఇంత లావా?’ అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు మాకు మార్కులు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

మీరు అమ్మాయిని అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మోడల్‌గా కూర్చునే మనిషి ఇష్టపడే వచ్చిందా? డబ్బు సరిగ్గా ఇస్తున్నారా? బట్టలు మార్చుకోవడానికి చాటు ఉందా? మధ్యమధ్య విశ్రాంతి ఇస్తున్నారా? క్లాసులోకి ఫోన్లు రానివ్వట్లేదు కదా? ఇందులో దేనికైనా ‘లేదు’ అంటే, అప్పుడు మీరు కాలేజీకి పోయి గట్టిగా అడగొచ్చు, నేనూ మీ పక్షమే.

అత్తగారి విషయం. వేమన పద్యం నోటికి రాని పెద్దావిడ మన సీమలో ఉండదు. కటారుపల్లి తిరనాళ్లకు పోయొచ్చే ఉంటారేమో కూడా. గోడమీద వేమన పటంలో ఆయన ఒంటిమీద ఏముందో ఒక్కసారి గుర్తు చేయండి. ఎవరూ పిల్లల కళ్లు మూయలేదే! ఇక సంబంధాలంటారా, వచ్చినవాళ్ల ముందు ఆ పుస్తకం పరచాల్సిన పని లేదు. దాచిపెట్టమని, చించేయమని మాత్రం అమ్మాయికి చెప్పకండి. చించిన పుస్తకంతో పాటు ఆ చెయ్యి కూడా బిగుసుకుపోతుంది.

ప్రశ్న: గ్రీకు, ఇటలీ శిల్పాల్లో నరాలు, కండలు అచ్చం మనిషిలాగే ఉంటాయి. మన శిల్పాల్లో నడుము గుప్పెడు, ఎముక ఎక్కడా కనబడదు. మనవాళ్లకు శరీర నిర్మాణం తెలియదా సార్?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఎందుకు తెలియదు నాయనా? హరప్పాలో దొరికిన ఎర్రరాతి మొండెం ఉంది. తల లేదు, చేతులు లేవు, అరజానెడు ఉంటుంది. దాని పొట్ట చూడు. మెత్తగా, కొంచెం ముందుకు, ఇప్పుడే ఊపిరి పీల్చినట్టు ఉంటుంది. నాలుగు వేల ఏళ్ల కిందటే అది చేసినవాడికి ఒళ్లు తెలియదంటావా?

వాళ్లు ఒంటిని కండతో నింపారు, మనవాళ్లు ఊపిరితో నింపారు. నాకు కనబడే తేడా ఇదీ. మన శిల్పి ఎదురుగా మనిషిని నిలబెట్టుకోడు. దేవుడి రూపం చెప్పే ధ్యానశ్లోకం, కొలతలు చెప్పే తాళమానం ఆధారం. మొహం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఇవి నీ స్కేలు మీద అంగుళాలు కావు, బొమ్మను బట్టి పెరిగే, తగ్గే కొలత. నవతాళం బొమ్మకు మొత్తం 108. మీ పక్క ఆళ్లగడ్డకు పో. రాయి మీద గీతలు గీసుకుని లెక్క చూసుకున్నాకే ఉలి పట్టుకుంటారు. రాయి తేడా కూడా ఉంది. వాళ్ల చలువరాయి మెత్తన, నరం సైతం లేపుకోవచ్చు. మన నల్లరాయి ఉలినే మొండి చేస్తుంది.

అయినా నిలబడే తీరు దగ్గర ఇద్దరూ కలుస్తారు. మైకెలాంజిలో 1501 నుంచి 1504 దాకా చెక్కిన డేవిడ్ దాదాపు 17 అడుగుల బొమ్మ. అతనికంటే ముందు వేరేవాళ్లు మొదలుపెట్టి వదిలేసిన రాయి అది. బరువంతా కుడికాలి మీద, ఎడమకాలు సడలి ఉంటుంది. మన ఆభంగం కూడా అటువంటిదే. అది ఇంకాస్త వంపు తిరిగితే త్రిభంగం. రెండు కాళ్లమీదా సమంగా నిలబడితే సమభంగం. దానికి శ్రవణబెళగొళ గొమ్మటేశ్వరుణ్ణి మించినది లేదు. గంగరాజుల మంత్రి చావుండరాయుడు పదో శతాబ్దం చివర చెక్కించాడు, 57 అడుగులు. కదలకుండా నిలబడి నిలబడి తొడల మీదుగా చేతులకు తీగలు పాకాయి, పాదాల దగ్గర పుట్టలు లేచాయి. అంత పెద్ద నగ్నదేహం ముందు నిలబడితే సిగ్గు అన్న మాటే గుర్తు రాదు, మన బట్టలే మనకు కాస్త ఎబ్బెట్టుగా ఉంటాయి.

కర్నూల్లోనే ఉన్నావు కాబట్టి తుంగభద్ర దాటి అలంపురం మ్యూజియానికి పోయి లజ్జాగౌరిని చూసి రా. తల ఉండాల్సిన చోట తామరపువ్వు, కాళ్లు రెండువైపులా మడిచి ప్రసవానికి సిద్ధమైన భంగిమ. పిల్లలు కావాలని ఆడవాళ్లు మొక్కుకున్న తల్లి ఆమె. అక్కడ నా బరువు ప్రశ్న పనిచేయదు. ఆమె నిలబడలేదు కదా.

ప్రశ్న: కళ, కళ అంటారు. మ్యూజియాల్లో బట్టల్లేకుండా ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లు, గీసింది మగవాళ్లు, కొన్నది మగవాళ్లు. దీన్ని సౌందర్యం అని మేము ఒప్పుకోవాలా?
– అధ్యాపకురాలు, కడప

జవాబు: అన్నింటినీ ఒప్పుకోనక్కర్లేదమ్మా. నేనూ ఒప్పుకోను. 1863లో పారిస్‌లో కబనెల్ అనే ఆయన వీనస్ పుట్టుకను గీశాడు. అల మీద పడుకుని, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, చూసేవాళ్లు ఎంతసేపైనా చూసుకోండి అన్నట్టుంటుంది. మూడో నెపోలియన్ చక్రవర్తి కొనుక్కున్నాడు. అదే ఏడాది మానే అనే ఇంకో చిత్రకారుడు ‘ఒలింపియా’ గీశాడు. ఆమె మంచం మీద పడుకుని నేరుగా మన కళ్లలోకి చూస్తుంది, ‘ఏం పని మీద వచ్చావు?’ అన్నట్టు. 1865లో ప్రదర్శనకు పెడితే జనం మండిపడ్డారు. ఇద్దరికీ ఒంటిమీద బట్ట లేదు. ఒకామె కళ్లు తెరిచి చూసింది, అంతే తేడా. నాకు మొదటిదాంట్లో నురగ తప్ప ఏమీ కనబడదు.

మీ కోపానికి ఇంకొక ఆధారం నేనే ఇస్తాను. లండన్‌లో చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ పెట్టినప్పుడు సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. సభ్యులు మోడల్ చుట్టూ చేరినట్టు జోఫనీ అనే చిత్రకారుడు ఒక చిత్రం గీశాడు. మోడల్ నగ్నంగా ఉన్నాడు కాబట్టి ఆ ఇద్దరినీ గదిలోకి రానివ్వకుండా, గోడమీద పటాలుగా తగిలించాడు! అక్కడి ఆడపిల్లలను మోడల్ క్లాసులోకి రానిచ్చింది 1893లో, అదీ మోడల్‌కు కొంత బట్ట కట్టాకే.

ఆ తర్వాత గోడలు దిగి వచ్చినవాళ్లున్నారు. సుజాన్ వలదోన్ మొదట చిత్రకారులకు మోడల్, తర్వాత తనే నగ్నచిత్రాలు గీసింది. మన అమృతా షేర్‌గిల్ 1934లో తన ఒంటినే సగం నగ్నంగా గీసుకుంది. ఆ మొహంలో పిలుపు లేదు, అలసట, మొండితనం ఉన్నాయి. ప్రొద్దుటూరు తల్లిగారి అమ్మాయి స్కెచ్‌బుక్‌ను నేను వెనకేసుకొచ్చింది అందుకే. ఆ పెన్సిలు ఆడపిల్ల చేతిలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

ప్రశ్న: గుడి శిల్పం ఫొటో మా అపార్ట్‌మెంటు గ్రూపులో పెడితే ‘అశ్లీలం, కేసు పెడతాం’ అన్నారు. పెట్టగలరా?
– పాఠకుడు, హిందూపురం

జవాబు: పాత శిక్షాస్మృతి 292వ సెక్షన్‌లోనే ప్రాచీన కట్టడాలు, గుళ్లు, దేవుళ్లను ఊరేగించే రథాల మీది బొమ్మలకు మినహాయింపు ఉంది. కొత్త చట్టంలో అది 294వ సెక్షన్. ఆ మినహాయింపు గుడిమీది బొమ్మకు. మీ ఫొటో సంగతి మీరు కింద రాసిన వ్యాఖ్యను బట్టి కూడా ఉంటుంది. నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని సుప్రీంకోర్టు 2014లో ఒక ఫొటో కేసులో చెప్పింది కూడా. అయితే గ్రూపులో వాదన ఎందుకు? ఈ గొడవ ఇవాళ్టిది కాదు. మైకెలాంజిలో పోయిన మరుసటి ఏడాదే ఆయన గీసిన ‘తుది తీర్పు’ బొమ్మలకు ఒక చిత్రకారుడి చేత గుడ్డలు తొడిగించారు. పాపం, అతనికి ‘లాగులు తొడిగేవాడు’ అని పేరు పడిపోయింది.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో, జనం రద్దీ లేకుండా ఇలాంటి శిల్పం చూడాలంటే ఎక్కడికి పోవాలి?
– పాఠకుడు, గుత్తి

జవాబు: మీకు దగ్గరే, కొనకొండ్ల. రససిద్ధుల గుట్ట మీద రెండు జైన తీర్థంకర విగ్రహాలు సమభంగంలో నిలబడి ఉన్నాయి, తలమీద మూడు గొడుగులు. జైనాచార్యుడు కుందకుందుడిది ఆ ఊరేనని చెబుతారు. పొద్దున్నే పోండి. పక్కనుంచి పడే ఎండలోనే ఒళ్లు తెలుస్తుంది, ఎండ నెత్తికెక్కితే రాయి చదునైపోతుంది, బండా కాలుతుంది. నీళ్లు మీరే తీసుకుపోండి. అలాగే విగ్రహాలకు పసుపూ కుంకుమా పూయకండి, వాళ్లు అడగలేదు.